చిట్టి రైలు రంగులు: ఎంపిక ఒక ఎత్తు, నిల్వ ఒక ఎత్తు

2013లో అమెరికాలోని మోడల్ రైళ్ల అభిమానులకు ఒక చేదు కబురు అందింది. ఫ్లోక్విల్, పాలీ స్కేల్ రంగుల తయారీ ఆపేస్తున్నట్టు టెస్టర్స్ కంపెనీ ప్రకటించింది. ఫలానా రైల్వేవారి ఎరుపు, ఫలానా రైల్వేవారి ఆకుపచ్చ అంటూ పేరు పెట్టి మరీ దశాబ్దాలుగా అమ్ముడైన రంగులవి. ఇంకేముంది, కంటపడిన సీసానల్లా కొని పోగేసుకున్నవాళ్లు చాలామందే. ఆ తర్వాత మొదలైంది అసలు బెంగ: ఇవి ఎన్నాళ్లు పాడవకుండా ఉంటాయి?

అది రంగును దేనిలో కలిపారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కొనేటప్పుడు ముందుగా చూడాల్సిందీ అదే.

ఏ సీసాలోనైనా ప్రధానంగా ఉండేవి మూడు: రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, రెండింటినీ పల్చగా ఉంచే ద్రావకం. స్పెయిన్‌కు చెందిన వయెహో రంగుల్లో ద్రావకం నీళ్లే. జపాన్ టమియా అక్రిలిక్‌లో ఆల్కహాల్ ఉంటుంది. బ్రిటన్ హంబ్రోల్ చిట్టి డబ్బాల్లో వచ్చే ఎనామిల్‌కు టర్పెంటైన్ లాంటి థిన్నర్ కావాలి. అమెరికాలో దొరికే ట్రూ-కలర్‌లో అసిటోన్ వాడతారు. అక్రిలిక్ అని రాసి ఉన్నవన్నీ ఒకటే అనుకుంటే చిక్కే. టమియాలో హాయిగా కలిసిపోయే ఆల్కహాల్‌ను వయెహోలో పోస్తే రంగు బంకలా సాగుతుంది. ఏ రంగుకు ఆ కంపెనీ థిన్నరే వాడాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

రెండోది, రంగు వేసే వస్తువు. హెచ్‌ఓ స్కేల్ అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ సైజులో ఇంజన్లు, పెట్టెలు ఎక్కువగా పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌తో తయారవుతాయి. ఘాటైన లాకర్ థిన్నర్ తగిలితే ఆ ప్లాస్టిక్ మెత్తబడి, పైన సన్నటి పగుళ్లు తేలి, ఆవగింజలో సగం కూడా లేని రివెట్లు కరిగిపోతాయి. పాతకాలపు ఫ్లోక్విల్‌తో ఈ బాధ ఉండేది. అందుకే ప్లాస్టిక్ మీద ముందు పూతగా వేసేందుకు బ్యారియర్ అనే ద్రవాన్ని వేరుగా అమ్మేవారు. స్కేల్‌కోట్ కంపెనీ అయితే లోహానికి ఒకటి, ప్లాస్టిక్‌కు రెండు అని నంబర్లు వేసి విడివిడిగా ఇచ్చింది. కొత్త రంగు చేతికి రాగానే పెట్టె అడుగున, కనబడని చోట ఒక చుక్క వేసి మర్నాడు చూసుకుంటే సరిపోతుంది.

ఇక రంగు ఛాయ దగ్గరే వాదాలన్నీ. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఇంజన్ల రంగు కాగితాల మీద ముదురు ఆకుపచ్చ, చూసేవాళ్ల కంటికి దాదాపు నలుపు. రైలు ఏ ఏటిదో తేల్చుకోకుండా సీసా కొనడం కూడా కుదరదు. మన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) పెట్టెలే చూడండి: ఇటుక ఎరుపులో తిరిగినవి 1990లలో నీలంలోకి మారాయి. 1980ల నాటి స్టేషన్ నమూనాలో నీలం పెట్టె నిలబెడితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అసలు రైలు రంగును ఉన్నదున్నట్టు వేసినా చిన్న నమూనా మీద ముదురుగా కనిపిస్తుంది. హెచ్‌ఓ ఇంజన్‌ను ఒక మీటరు దూరం నుంచి చూడటమంటే నిజం ఇంజన్‌ను 87 మీటర్ల దూరం నుంచి చూడటమే. అంత దూరంలో రంగు కాస్త వెలిసినట్టు అగుపిస్తుంది. పైగా గదిలోని వెలుతురు ఎండకు ఏ మూలకూ చాలదు. అందుకే చాలామంది రెండు మూడు చుక్కల తెలుపు కలుపుతారు. ఆ కలపడం కూడా రైలు నడిచే బల్ల పైన ఉన్న దీపం కిందే చేయాలి.

నిల్వ సంగతికొస్తే, ఎనామిల్‌కు గాలే శత్రువు. గాలిలోని ఆక్సిజన్ తగిలి గట్టిపడటం దాని స్వభావం. సగం ఖాళీ అయిన డబ్బాలో పాల మీద మీగడలా తెట్టు కట్టేది అందుకే. మిగిలిన రంగును చిన్న సీసాలోకి మార్చి నిండుగా ఉంచితే ఆ బెడద తగ్గుతుంది. ఏ రంగుకైనా మూత పెట్టే ముందు సీసా మెడను గుడ్డతో శుభ్రంగా తుడవాలి. మరల్లో ఎండిన రంగు ఉంటే మూత సరిగా బిగియదు, ఆ సందులోంచి గాలి దూరుతుంది. థిన్నర్ కలిపి వాడగా మిగిలిన రంగును మళ్లీ సీసాలో పోయకూడదు. అడుగున పేరుకున్న పొడి కదలడానికి స్టెయిన్‌లెస్ స్టీలు గోళీ ఒకటి వేసి ఊపుతారు. మామూలు ఇనుప గోళీ వేస్తే నీటి రంగుల్లో తుప్పు పడుతుంది.

నీటి అక్రిలిక్‌కు చలి గండం. మిన్నెసోటా లాంటి చోట్ల శీతాకాలంలో గ్యారేజీలో వదిలేస్తే గడ్డకట్టి, కరిగాక పెరుగు విరిగినట్టు పలుకులవుతుంది. దాన్ని పారేయాల్సిందే. ద్రావకం రంగులకు నిప్పు గండం. అమెరికాలో చాలా ఇళ్లలో రైలు బల్లా, గ్యాస్ వాటర్ హీటరూ నేలమాళిగలోనే ఉంటాయి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకి హీటర్ మంటను అందుకోగలదు. అలాంటి డబ్బాలను హీటరున్న గదిలో ఉంచకూడదు. పాడైన రంగును సింకులో పారబోయకూడదు కూడా. అక్కడి ఊళ్లలో ప్రమాదకర చెత్త సేకరణ కేంద్రాలకు అప్పగిస్తారు.

సీసా ఎంత జాగ్రత్త చేసినా ఎప్పుడో అప్పుడు ఎండిపోతుంది. అందుకే పాత ఫ్లోక్విల్ మిగిలినవాళ్లు దాన్ని తెల్లటి ప్లాస్టిక్ పట్టీ మీద పూసి, వెనకవైపు రంగు పేరు, తేదీ రాసి డ్రాయర్లో పెడతారు. రేపు వేరే కంపెనీ రంగులు కలిపి అదే ఛాయ తేవాల్సి వస్తే పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఆ పట్టీ చాలు.