అంచులు రాసుకుంటే చాలు

దుమ్ముగూడెం దగ్గర గోదావరి దాటితే అవతలి గట్టున అశ్వాపురం. అక్కడి భారజల కర్మాగారం 1991 నుంచి బరువైన హైడ్రోజన్‌ను ఏరి పోగుచేస్తోంది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఉండేది ఒక్క ప్రోటానే. ఆరేడు వేల పరమాణువుల్లో ఒక్కదానికి మాత్రం పక్కన న్యూట్రాన్ కూడా ఉంటుంది. అదే డ్యుటీరియం. దాన్ని పట్టడానికి నీటికి ఎదురుగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పంపుతారు. 30 డిగ్రీల టవర్‌లో డ్యుటీరియం వాయువును వదిలి నీటిలో చేరుతుంది. 130 డిగ్రీల టవర్‌లో నీటిని వదిలి వాయువులోకి పోతుంది. ఈ మార్పిడి దశలవారీగా సాగాక, చివర్లో స్వేదనం చేస్తే 99.8 శాతం భారజలం చేతికొస్తుంది.

ఇక్కడ పరమాణువు చోటు మారుతుంది గానీ కేంద్రకం చెక్కుచెదరదు. కేంద్రకంలోని కణమే ఇంకో కేంద్రకంలోకి మారడం వేరే సంగతి, నా దృష్టిలో ఇంకా అందమైన సంగతి. దానికీ బాగా పనికొచ్చేది డ్యుటీరియమే. చాలా కేంద్రకాల్లోంచి ఒక న్యూట్రాన్‌ను ఊడదీయాలంటే ఏడెనిమిది మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. డ్యుటీరియానికి 2.2 మిలియన్లు చాలు. అంత వదులు బంధం కాబట్టే, వేగంగా వచ్చి పెద్ద కేంద్రకం అంచును రాసుకున్నప్పుడు న్యూట్రాన్ అందులో దిగిపోతుంది, ప్రోటాన్ తన దారిన పోతుంది. ఆ ప్రోటాన్ ఏ కోణంలో ఎంత శక్తితో వచ్చిందో కొలిస్తే, న్యూట్రాన్ ఏ కక్ష్యలో చేరిందో చెప్పొచ్చు. ఆ లెక్కకు 1951లో దారి వేసినవాడు స్టువర్ట్ బట్లర్.

రెండూ బరువైన కేంద్రకాలైతే వ్యవహారం ఇంకా జటిలం. రెండింట్లోనూ ప్రోటాన్లు బోలెడు, ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. నేరుగా గుద్దుకుంటే కలిసిపోవచ్చు, ముక్కలూ కావచ్చు. అంచులు తగిలీ తగలనట్టు ఉన్నప్పుడే బదిలీకి అసలైన అవకాశం. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి ఆ నెట్టుడు దానికి అడ్డు కాదు. కేంద్రకాలు పూర్తిగా తగలకముందే, క్వాంటం నియమాల పుణ్యమా అని, మధ్యనున్న ఎడాన్ని దాటేస్తుంది. ఆక్సిజన్-18ను సీసం-208 మీదికి పంపితే రెండు న్యూట్రాన్లు కలిసి అటు చేరిపోతాయి. విడివిడిగా వెళ్తాయనుకుని వేసిన లెక్క కన్నా ఇది ఎక్కువే జరుగుతుంది. కేంద్రకం లోపల న్యూట్రాన్లు జత కడతాయనడానికి ఇంత సూటి సాక్ష్యాలు అరుదు.

ఢిల్లీ, ముంబైల్లోని పెలెట్రాన్ అనే కణ త్వరణ యంత్రాల మీద మన శాస్త్రవేత్తలూ ఈ బదిలీలను కొలుస్తున్నారు. ఫ్రాన్స్‌లోని గానిల్ పరిశోధన కేంద్రంలో జినాన్-136ను ప్లాటినం-198 మీదికి పంపిన ప్రయోగ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సుమారు 126 న్యూట్రాన్లుండే అరుదైన కేంద్రకాలను పుట్టించడానికి ఇలాంటి బదిలీ మంచి దారి అని తేలింది. విశ్వంలో బంగారం, ప్లాటినం ఎలా తయారయ్యాయో లెక్కగట్టాలంటే ఆ కేంద్రకాల ఆయుష్షు తెలియాలి.