బంతి పడకముందే వికెట్!

‘ఒరేయ్, మీ యాప్ కథ ముందే చెప్పేస్తోందిరా!’

రెండేళ్ల కిందట ఓ ఆదివారం సాయంత్రం నాన్న ఫోన్ చేసి అన్న మాట ఇది. నేను హైదరాబాద్‌లో ఓ టీవీ స్ట్రీమింగ్ సర్వీస్‌లో డిజైనర్‌ని. ఛానళ్లను ఫోన్లో లైవ్‌గా చూపించే యాప్ మాది. పేరు చెప్పను, ఉద్యోగం ముఖ్యం కదా! నాన్నకేమో మార్కాపురం దగ్గర మా ఊళ్లో ఎరువుల కొట్టు ఉంది. ఇంట్లో టీవీ అమ్మ సీరియల్స్‌కి అంకితం. అందుకే ఆయన కొట్లో కూర్చుని, కొడుకు పనిచేసే యాప్‌లో ఇండియా మ్యాచ్ చూస్తున్నాడు.

ఏం జరిగిందంటే... బౌలర్ ఇంకా వెనక్కి నడుచుకుంటూ వెళ్తున్నాడు. ఈలోపు స్క్రీన్ పైనుంచి ‘వికెట్!’ అని నోటిఫికేషన్ జారింది. తర్వాత బంతి పడటం, స్టంప్స్ ఎగరడం అన్నీ చూశాడు గానీ, చూసినట్టే లేదట. రిజల్ట్ తెలిసిపోయాక ఏముంటుంది?

ఆ నోటిఫికేషన్ డిజైన్ చేసింది నేనే. ఏ రంగులో ఉండాలి, ఎంతసేపు కనపడాలి, ఫోన్ ఎలా వణకాలి... అన్నీ చూసుకున్నా. ఎప్పుడు రావాలో మాత్రం ఆలోచించలేదు.

ఆ సెకన్లు ఎక్కడికి పోతాయి?

మనం ‘లైవ్’ అనుకునేది నిజానికి కాస్త పాతది. మైదానంలో కెమెరా తీసిన బొమ్మ ముందు ప్రసార వ్యాన్‌కి, అక్కణ్నుంచి శాటిలైట్ మీదో ఫైబర్ మీదో ఛానల్‌కి చేరుతుంది. కాబట్టి టీవీ ముందు కూర్చున్నవాళ్లకీ కొన్ని సెకన్లు ఆలస్యం తప్పదు. ఫోన్‌కి రావాలంటే ఇంకో అంచె ఉంది. వీడియోని రకరకాల క్వాలిటీల్లోకి మార్చి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, మనకి దగ్గర్లో ఉన్న సర్వర్లలో పెడతారు. ఫోన్ ఒక్కో ముక్కా తెచ్చుకుని వరసగా ఆడిస్తుంది.

2009లో యాపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి ఇదే. ఒక్కో ముక్క 6 సెకన్లు ఉంటే మంచిదని ఆ కంపెనీ సూచన. మధ్యలో సిగ్నల్ తడబడినా బొమ్మ ఆగకుండా ఫోన్ మామూలుగా ఓ మూడు ముక్కలు ముందే దాచుకుంటుంది. మూడార్లు పద్దెనిమిది. అంటే ఒక్క దాచుకోవడానికే 18 సెకన్లు!

స్కోరుకి ఈ బాధలేవీ లేవు. అది నాలుగు అంకెలు, అంతే. రివ్వున వచ్చి వాలిపోతుంది. పక్కింట్లో డిష్ ఉంటే వాళ్ల కేకలూ అంతే, మన ఫోన్ కంటే ముందొస్తాయి.

తగ్గించాం... దొరికిపోయాం!

‘ఆలస్యం తగ్గించాలి’ అని మర్నాడు మీటింగ్‌లో గట్టిగా వాదించా. ఇంజినీర్లు ముక్కల్ని చిన్నవి చేశారు. ఫోన్ దాచుకునే నిల్వ కూడా తగ్గించారు. ఆఫీసు వైఫైలో టీవీనీ ఫోన్‌నీ పక్కపక్కనే పెట్టి చూస్తే తేడా అయిదారు సెకన్లే. చప్పట్లు, సమోసాలు, సెల్ఫీలు!

సంక్రాంతికి ఊరెళ్లా. మ్యాచ్ టైమ్‌కి కొట్లో నాన్న లేడు. ఎదురుగా సెలూన్‌లో బెంచీ మీద కూర్చుని అక్కడి టీవీలో చూస్తున్నాడు. ఆయన ఫోన్ తీసుకుని మా యాప్ తెరిచా. రెండు బంతులు ఆడింది, ఆగిపోయింది. గుండ్రం తిరుగుతోంది. ఇంకో బంతి... మళ్లీ గుండ్రం. నిల్వ తగ్గించేశాం కదా, ఊళ్లో సిగ్నల్ క్షణం తడబడినా ఆడించడానికి ముక్క ఉండట్లేదు.

‘ఎన్నాళ్ల నుంచి ఇలా?’ అన్నా.

‘దసరా అయిన కాణ్నుంచి.’

‘మరి చెప్పలేదేం?’

‘మావాడు చేశాడని కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చూపించానురా. ఇప్పుడు బాలేదంటే నువ్వు బాధపడతావని...’

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ మళ్లీ ఆ మొదటి ఫోన్ కాలే గుర్తొచ్చింది. అసలు నాన్న ‘ఆలస్యం’ అన్నాడా? లేదే! ‘ముందే చెప్పేస్తోంది’ అన్నాడు. తాను వెనకున్నానని ఆయనకి తెలియదు కూడా. తెలిసినా పట్టించుకోడు. ఆయనకి కావాల్సింది ఒక్కటే... బంతి తర్వాతే వికెట్ రావాలి, మధ్యలో బొమ్మ ఆగకూడదు. నేను ఒక జబ్బుకి ఇంకో జబ్బు మందేశా.

వేగం కాదు, వరస!

తిరిగొచ్చాక మొదట మార్చింది నోటిఫికేషన్నే. మ్యాచ్ చూస్తున్నవాళ్లకి ఇప్పుడది రాదు. స్క్రీన్ మీద స్కోరు కూడా తొందరపడదు. వీడియో ముక్కలతో పాటు అవి ఏ క్షణానివో చెప్పే టైమ్ వస్తుంది. దాన్ని చూసుకుని, బంతి పడ్డాకే అంకె మారుతుంది.

రెండోది, అందరికీ ఒకే ఆలస్యం పెట్టడం మానేశాం. వైఫై బాగుంటే తక్కువ, సిగ్నల్ బలహీనంగా ఉంటే ఎక్కువ. నెట్ పడిపోతే ముందు బొమ్మ మసకబారుతుంది. మరీ కష్టమైతే కామెంటరీ మాత్రం వినిపిస్తుంది. రేడియోలో మ్యాచ్ విన్న మనిషికి అది కొత్తేం కాదు.

మూడోది బ్యాక్ బటన్. 2019 వరల్డ్‌కప్ సెమీఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ అయ్యాక ఎంతమంది చెయ్యి బ్యాక్ మీదకి పోయుంటుందో ఊహించండి. అంతమందీ ఒక్కసారిగా హోమ్‌పేజీ మీద పడతారు. 2023 ఫైనల్‌కి ఆ లెక్క 5.9 కోట్లకి చేరింది. మా యాప్‌కి అంత జనం లేరు గానీ, మ్యాచ్ రోజున హోమ్‌పేజీని తేలిక చేసేశాం. బాధలో బయటికొచ్చిన వాళ్లకి అక్కడా గుండ్రం తిప్పితే ఎలా?

మీరూ ఇవి చేసి చూడండి

మ్యాచ్ మొదలయ్యే ముందు స్కోరు యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌ని మ్యూట్ చేయండి. మధ్యలో వీడియో ఆగిన ప్రతిసారీ మీరు ఇంకాస్త వెనకబడుతుంటారు. ‘లైవ్’ బటన్ ఉంటే ఒకసారి నొక్కండి, మళ్లీ ముందుకొస్తారు. పదేపదే ఆగుతుంటే క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి.

నాన్న మళ్లీ కొట్లోకి వచ్చేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో నేను ఆయన కంటే ఓ పదిహేను సెకన్లు ముందుంటా. వికెట్ పడగానే ఫోన్ చేయాలని చెయ్యి లాగుతుంది. చేయను. పక్కన పెట్టుకుని కూర్చుంటా. కాసేపటికి అదే మోగుతుంది.

‘చూశావురా?’

‘ఇప్పుడే నాన్నా!’