నీట్ చదువు ఎప్పుడు మొదలుపెట్టాలి? 700 రోజుల లెక్క

2025 మే 4న నీట్ యూజీ రాసినవాళ్లు 22 లక్షల 9 వేల మంది. అర్హత సాధించినవాళ్లు 12 లక్షల 36 వేల మంది. అప్పటికి దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా 20 వేలు. అంటే రాసినవాళ్లలో 18 మందికి ఒక సీటు, అర్హులైనవాళ్లలో పది మందికి ఒక సీటు. మొత్తం సీట్లలో ప్రభుత్వ కాలేజీలవి సుమారు సగమే. ఫీజు భరించగలిగే సీటే కావాలనుకునే కుటుంబాలకు పోటీ దాదాపు రెట్టింపు అవుతుంది.

ఈ అంకెలు చూసి తల్లిదండ్రుల్లో కంగారు పుట్టడం సహజం. ఆ కంగారులోంచే రెండు రకాల నిర్ణయాలు వస్తున్నాయి. ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ–నీట్ ఫౌండేషన్’ బ్యాచ్‌లో చేర్పించడం ఒకటి. ‘ముందు ఇంటర్ కానీ, తర్వాత షార్ట్ టర్మ్‌లో చూసుకుందాం’ అనుకోవడం రెండోది. మొదటిది పిల్లల బాల్యాన్ని మింగేస్తుంది, రెండోది అవకాశాన్ని చేజారుస్తుంది. సరైన సమయం ఈ రెంటికీ నడుమ ఉంది. అదెక్కడో భయంతో కాక లెక్కతో తేల్చుకుందాం.

పాత సలహా ఎందుకు పనికిరాదు

ఇంటర్ తర్వాత చూసుకోవచ్చనే మాటకు మూలం రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష ఎంసెట్ రోజుల్లో ఉంది. అప్పుడు మెడికల్ ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. తప్పు రాస్తే మార్కు పోయేది కాదు. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇంటర్ బాగా చదివితే ఎంసెట్‌కు సగం సిద్ధమైనట్టే. పబ్లిక్ పరీక్షలు ముగిశాక షార్ట్ టర్మ్‌లో చేరి గట్టెక్కినవాళ్లు చాలామంది ఉన్నారు.

2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ ప్రవేశాలు నీట్ ర్యాంకుతోనే జరుగుతున్నాయి. ఇంటర్ మార్కులు ఇప్పుడు అర్హతకే పరిమితం: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. ర్యాంకును తేల్చేది ఒకే మధ్యాహ్నం, మూడు గంటల పరీక్ష. 2025లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. బయాలజీ 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. 2024 దాకా ఉన్న 20 అదనపు నిమిషాలూ, ఐచ్ఛిక ప్రశ్నలూ ఇప్పుడు లేవు. పాత పరీక్ష కోసం పుట్టిన సలహాతో ఈ పరీక్షకు సిద్ధం కాలేం.

79 అధ్యాయాలు

చదవాల్సింది ఎంతో తెలిస్తే ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుస్తుంది. నీట్‌కు ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. 11వ తరగతిలో ఫిజిక్స్ 14 అధ్యాయాలు, కెమిస్ట్రీ 9, బయాలజీ 19, మొత్తం 42. 12వ తరగతిలో ఫిజిక్స్ 14, కెమిస్ట్రీ 10, బయాలజీ 13, మొత్తం 37. రెండేళ్లవీ కలిపితే 79. వీటికి తోడు, కొత్త పుస్తకాల్లోంచి తీసేసిన పి–బ్లాక్ మూలకాల వంటి భాగాలు నీట్ సిలబస్‌లో ఇంకా ఉన్నాయి. అందుకే పుస్తకంతో పాటు అధికారిక సిలబస్ కాగితం కూడా బల్ల మీద ఉండాలి.

ఇందులో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 42. సిలబస్‌లో సగానికి పైగా, అంటే 53 శాతం అధ్యాయాలు ఇంటర్ ఫస్టియర్‌లోనే ఉన్నాయి. ప్రశ్నపత్రంలోనూ రెండేళ్ల వాటా కొంచెం అటూ ఇటూగా సమానంగానే ఉంటుంది. పైగా ఫస్టియర్ మెకానిక్స్ రాకుండా సెకండియర్ ఫిజిక్స్ నడవదు. రసాయన బంధం, సమతాస్థితి అర్థం కాకుండా సెకండియర్ కెమిస్ట్రీ ఎక్కదు. ‘ఫస్టియర్ లైట్‌గా తీసుకుని సెకండియర్‌లో సీరియస్’ అనుకున్నవాళ్లు సగం పరీక్షను ముందే వదులుకున్నట్టు.

నాలుగు మొదళ్లు, నాలుగు వేగాలు

మూడేళ్ల పరీక్షలు 2023 మే 7, 2024 మే 5, 2025 మే 4న జరిగాయి. మూడూ మే నెల మొదటి ఆదివారాలే. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెడదాం. జనవరి చివరికి సిలబస్ పూర్తి కావాలి. అక్కడి నుంచి పరీక్ష దాకా మిగిలే సుమారు 95 రోజుల్లోనే ఇంటర్ ప్రాక్టికల్స్, థియరీ పరీక్షలు, పునశ్చరణ, గ్రాండ్ టెస్టులు అన్నీ ఇమడాలి.

ఇంటర్ ఫస్టియర్ జూన్‌లో మొదలుపెడితే: పరీక్షకు సుమారు 700 రోజులు. మార్చి దాకా ఉన్న 300 రోజుల్లో పండుగలు, పరీక్షలు తీసేసినా 270 మిగులుతాయి. 42 అధ్యాయాలకు పంచితే ఒక్కోదానికి ఆరు రోజులకు పైగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల 60 రోజులు ఫస్టియర్ మొత్తాన్నీ మరోసారి తిరగేయడానికి దొరుకుతాయి. తర్వాత సెకండియర్ 37 అధ్యాయాలకు జూన్ నుంచి జనవరి వరకు 245 రోజులు. అంటే ఒక్కోదానికి ఆరున్నర రోజులు.

సెకండియర్ జూన్‌లో మొదలుపెడితే: అదే 245 రోజుల్లో 79 అధ్యాయాలు. ఒక్కోదానికి మూడు రోజులు. కాలేజీలో సెకండియర్ పాఠం, ఇంట్లో ఫస్టియర్ పాఠం రోజూ పక్కపక్కనే నడవాలి. కష్టమే, కానీ పట్టుదల ఉన్న విద్యార్థికి అసాధ్యం కాదు.

సెకండియర్ జనవరిలో మొదలుపెడితే: పరీక్షకు 120 రోజులు. ఇంటర్ పరీక్షలకు నెల తీసేస్తే 90. ఒక్కో అధ్యాయానికి ఒక రోజు పైచిలుకు. ఇక పునశ్చరణ మాటే ఉండదు. ఇంత ఆలస్యమైతే బయాలజీ మీదే ఎక్కువ సమయం పెట్టడం మేలు. 720లో 360 మార్కులు అక్కడే ఉన్నాయి. అయినా ఆ ఏడు అర్హత మార్కు లక్ష్యంగా పెట్టుకోవచ్చు గానీ కన్వీనర్ కోటా సీటును ఆశించడం సమంజసం కాదు.

లాంగ్ టర్మ్ (ఇంటర్ తర్వాత మరో ఏడాది కోచింగ్) అయితే: జులై నుంచి జనవరి వరకు సుమారు 210 రోజులు, అధ్యాయానికి రెండున్నర రోజులకు పైగా. ఇది రెండోసారి చదువు, కాలేజీ పరీక్షలూ అడ్డురావు కాబట్టి సరిపోతుంది. అయితే మొదటిసారి పునాది పడినవాళ్లకే.

గంటలు సమానమైనా ఫలితం సమానం కాదు

రెండేళ్లలో 600 రోజులు, కాలేజీ పాఠాలు కాక రోజుకు మూడు గంటల సొంత చదువు అనుకుందాం: 1,800 గంటలు. చివరి నాలుగు నెలల్లో ఒక్కరోజూ వదలకుండా 12 గంటలు చదివినా 1,440 దాటవు. తేడా గంటల్లోనే ఉంటే ఎలాగోలా పూడ్చుకోవచ్చు. మరపును పూడ్చుకోవడం మాత్రం కుదరదు.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు, మరో పాఠాన్ని ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివిన పాఠానిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తారుమారైంది: మళ్లీ చదివిన పాఠంలో గుర్తున్నది 42 శాతం, తమను తాము పరీక్షించుకున్న పాఠంలో 56 శాతం. త్వరగా మొదలుపెట్టడం వల్ల లాభం ఇదే. చదవడం, మరవడం, మళ్లీ గుర్తుచేసుకోవడం అనే చక్రం నాలుగైదు సార్లు తిరిగే వ్యవధి దొరుకుతుంది. మార్చిలో పరుగు పెట్టేవాళ్లకు అది ఒక్కసారి కూడా పూర్తికాదు.

తప్పుల లెక్క కూడా సాధనతోనే ఒంటబడుతుంది. 140 ప్రశ్నలకు సరైన జవాబు తెలిసిన విద్యార్థి మిగతా 40 కూడా రాసి అన్నీ తప్పితే 520 మార్కులు. 20 మాత్రమే రాసి అవి తప్పితే 540. ఏ ప్రశ్న వదిలేయాలో తెలియడం కూడా ఒక నైపుణ్యం. అది వారం వారం రాసే టెస్టుల్లో, రాసిన ప్రతి తప్పునూ మళ్లీ విప్పి చూసుకోవడంలో వస్తుంది. బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 60 పెట్టుకుంటే ఓఎంఆర్ దిద్దుకోవడానికి, తిరిగి చూసుకోవడానికి 20 నిమిషాలు మిగులుతాయి. ఈ వేగం పరీక్ష హాల్లో హఠాత్తుగా రాదు.

మరి ఆరో తరగతి నుంచే ఎందుకు వద్దు?

నీట్ సిలబస్‌లో ఉన్నవి 11, 12 తరగతుల పాఠాలు. ఆరో తరగతి పిల్లలకు వాటిని ముందే వినిపించినంత మాత్రాన ముందంజ రాదు. కేంద్ర విద్యాశాఖ కూడా 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 16 ఏళ్ల లోపు పిల్లలను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోవద్దనీ, పదో తరగతి పరీక్ష తర్వాతే చేర్చుకోవాలనీ, రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు పెట్టొద్దనీ చెప్పింది.

పదో తరగతి వరకు కావాల్సినవి వేరే: బడి లెక్కలు గట్టిగా రావడం, చదివిన పేరాను సొంత మాటల్లో చెప్పగలగడం, ప్రశ్న అడిగే ధైర్యం. బైపీసీ విద్యార్థుల్లో చాలామంది ఫిజిక్స్ దగ్గర తడబడటానికి అసలు కారణం లెక్కలు మధ్యలో వదిలేయడమే. పదో తరగతి తర్వాత వచ్చే వేసవి సెలవుల్లో రోజుకు గంట చొప్పున సంవర్గమానాలు, త్రికోణమితి, గ్రాఫులు, సదిశలు నేర్చుకుంటే చాలు. ఏ ఫౌండేషన్ కోర్సూ ఇంతకన్నా పెద్ద సాయం చేయదు.

లాంగ్ టర్మ్‌కు వెళ్లాలా?

నీట్‌కు ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లు రాయవచ్చన్న పరిమితీ లేదు. ఆ స్వేచ్ఛ వల్లే కొందరు మూడేళ్లు, నాలుగేళ్లు లాంగ్ టర్మ్‌లో ఉండిపోతున్నారు. నిర్ణయానికి మార్కులను కాక ర్యాంకును చూడండి. 2024లో సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో అత్యధిక మార్కు 686. జనరల్ అర్హత మార్కు 2022లో 117, 2023లో 137, 2024లో 162, 2025లో 144. పేపరును బట్టి మార్కు విలువ మారిపోతుంది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య వర్సిటీ, వరంగల్‌లోని కాళోజీ వర్సిటీ కౌన్సెలింగ్‌లో మీ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూసి, మీ ర్యాంకుతో పోల్చుకోండి. దగ్గరలో ఉండి, మార్కులు ఎక్కడ పోయాయో స్పష్టంగా తెలిస్తే ఒక ఏడాది వెచ్చించడం సబబు. దూరం చాలా ఉంటే బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో ఇదే ర్యాంకుతో వస్తాయి. వ్యవసాయం, ఫార్మసీలకు ఈఏపీసెట్ ఉంది. అవి ఓటమి కావు, గౌరవప్రదమైన వృత్తులు.

మరువకూడని అంకెలు

కౌమార వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. చదివింది జ్ఞాపకంగా నిలబడటానికి నిద్ర తోడ్పడుతుంది. అర్ధరాత్రి దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున మళ్లీ స్టడీ అవర్ పెట్టే చోట చేర్పించేముందు తల్లిదండ్రులు ఈ సంగతి నిలదీసి అడగాలి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. బిడ్డ ముభావంగా మారినా, తిండి నిద్రా తప్పినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కాబట్టి తీర్పు ఇది: వైద్య ప్రవేశ పరీక్షకు చదువు మొదలుపెట్టాల్సిన సమయం ఇంటర్ ఫస్టియర్ జూన్. అంతకు ముందు లెక్కలు, చదివే అలవాటు చాలు. అంతకు తర్వాత ప్రతి నెల ఆలస్యానికీ పునశ్చరణతో మూల్యం చెల్లించాలి. తల్లిదండ్రులకు ఒకటే విన్నపం. ఆరో తరగతి నుంచే పిల్లల మీద ఒత్తిడి పెట్టకండి, ఆ 700 రోజులు మాత్రం వాళ్ల పక్కన నిలబడండి. డాక్టరు కావాలన్న కోరిక బిడ్డదేనా అని మొదటిరోజే అడగండి. కాదంటే ఆ జవాబును కూడా గౌరవించండి.