నడివయస్సు దాటిన పిదప పరుగు

జగిత్యాల జిల్లాలోని బుగ్గారము, ధర్మపురి, కోరుట్ల ప్రాంతములందుగాని, సిరిసిల్ల పట్టణమునందుగాని తెల్లవారుజామున బడి మైదానమునకు పోయి చూచినచో, సెల్‌ఫోనులో నిమిషములు లెక్క పెట్టుకొనుచు పరుగు తీయు యువకులు కనబడుదురు. పోలీసు కానిస్టేబులు కొలువు కోరువారిలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలెనని 2022 నాటి నియామకములలో విధించిన నిబంధనయే వారిని వెనుకనుండి తరుముచుండును. కొలువు వచ్చినవాడు వచ్చినదని పరుగు మానును. రానివాడు వయోపరిమితి దాటినదని మానును. అటుపిమ్మట నలుబదియైదేండ్ల గృహస్థుడెవ్వడైన ఆ మైదానముననే నాలుగడుగులు పరుగెత్తెనా, గట్టుమీద కూర్చున్న కుర్రవాడు "ఏందే మామా, ఈ వయసుల ఉరుకుడేంది? ఏమన్న నౌకరి వడ్డదా?" అని పలుకరింపక మానడు. "నౌకరికి గాదు అల్లుడా, షుగరుకు" అని నవ్వుచు బదులు చెప్పి సాగిపోగల ధైర్యము అందరికిని ఉండదు.

పరుగు పడుచువారి సొత్తనియు, అదియును ఒక ప్రయోజనము సిద్ధించువరకే యనియు మనలో స్థిరపడిన ఈ అభిప్రాయమునకు కారణము లేకపోలేదు. మన తాతముత్తాతలకు వ్యాయామమును ప్రత్యేకముగా వెదకుకొనవలసిన అగత్యము కలుగలేదు. నాగలి వెంట నడచినవానిని సాయంకాలము పరుగెత్తుమనుట పరిహాసమే యగును. కాని ఆ నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినది. కొడవలి స్థానమున వరికోత మిషను వచ్చినది. పొలము గట్టువరకు బండిమీదనే పోవుచున్నాము. ఈ ప్రాంతమున వేలకొలది స్త్రీల జీవనాధారమైన బీడీల పనిని ఒకసారి దగ్గరనుండి చూడుడు. తునికాకును కత్తిరించి, చాటను ఒడిలో పెట్టుకొని, తంబాకు పోసి చుట్టి దారము కట్టు ఆ తల్లి, వేయి బీడీల లెక్క పూర్తియగువరకు మడచిన కాలు చాపదు. వ్రేళ్లకు మాత్రము క్షణము తీరిక లేదు, తక్కిన దేహమునకు కదలికయే లేదు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గముల) నడుమ దినమంతయు నిలుచుండు కార్మికుడు అలసిపోవుననుట నిజమే కాని, ఆ అలసటవలన ఆతని గుండెకు బలము చేకూరదు. గల్ఫు దేశములలో ఇరువదియేండ్లు కష్టపడి తిరిగివచ్చిన వారు అనేకులు పైకముతోపాటు రక్తపోటును, మధుమేహమును గూడ వెంట తెచ్చుకొనుచున్నారు. ఒడలు నొచ్చునంత పని ఉన్నను, ఊపిరి ఎగయునంత పని లేకపోవుటయే మన కాలపు విచిత్రము.

ముదిమి యని మనము పేరు పెట్టుచున్న దానిలో వయస్సు పాలెంత, కదలికలేమి పాలెంత యను ప్రశ్నకు అమెరికాలోని డల్లాసు నగరమున జరిగిన ఒక పరిశోధన ఆశ్చర్యకరమైన సమాధానము నిచ్చినది. 1966లో అచ్చటి వైద్యులు ఇరువదేండ్ల ప్రాయముగల ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములపాటు మంచము దిగనీయక పరుండబెట్టి, వారి దేహములు ప్రాణవాయువును వినియోగించుకొను శక్తిని ముందును వెనుకను కొలిచిరి. ముప్పదేండ్లు గడచి వారు ఏబదవ పడిలో పడిన తరువాత ఆ అయిదుగురినే మరల పిలిపించి పరీక్షింపగా, ముప్పదేండ్ల వార్ధక్యము హరించిన శక్తికంటె నాటి మూడు వారముల శయనము హరించిన శక్తియే ఎక్కువయని తేలినది. అంతటితో నాగక, నడక, మెల్లని పరుగు, సైకిలు త్రొక్కుట మొదలగు వానితో ఆరు మాసములపాటు క్రమముగా సాధన చేయింపగా, బొజ్జలు పెరిగి బరువెక్కియున్న ఆ నడివయస్కులు తమ ఇరువదవ యేట శయనమునకు పూర్వముండిన స్థాయిని మరల నందుకొనిరి. ఆ యువకులకు 1966లోనే కఠినమైన తరిఫీదు ఇచ్చినప్పుడు వారు చేరిన శిఖరమును మాత్రము ఏబదియేండ్ల వయస్సున అందుకొనలేకపోయిరి. అయిదుగురు మాత్రమే పాల్గొన్న చిన్న ప్రయోగమైనను, వయస్సు మన నుండి తీసికొనిపోయినదని తలచునదంతయు వయస్సే తీసికొనిపోలేదని అది స్పష్టముగా చూపినది.

వయస్సు మీరినవారు వినోదార్థము మెల్లగా పరుగెత్తు ఆచారము ప్రపంచమున వ్యాపించిన కథయు ఇట్టిదే. న్యూజిలాండు దేశపు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ 1960 దశకారంభమున ఆక్లండు నగరమున గుండెజబ్బు సోకిన నడివయస్కులను, వ్యాపారులను కూడగట్టి, మాటలాడుకొనుచు పరుగెత్తుట నేర్పెను. 1962 డిసెంబరులో ఆయనను చూడబోయిన అమెరికా శిక్షకుడు బిల్ బవర్‌మన్ తన దేశమున ఎందరినో మేటి పరుగువీరులుగా తీర్చిదిద్దినవాడే యైనను, అప్పటికి 51 ఏండ్లవాడై తాను పరుగెత్తుట యెప్పుడో మానినవాడు. ఆదివారపు గుంపుతో బయలుదేరి కొంతదూరము పోవునప్పటికే ఆయన రొప్పుచు వెనుకబడెను. అంతట మూడుసార్లు గుండెపోటు వచ్చిన, డెబ్బదేండ్లు దాటిన ఒక వృద్ధుడు జాలిపడి తన వేగమును తగ్గించుకొని కబుర్లు చెప్పుచు ఆయనను గమ్యము చేర్చెను. ఆ అవమానమునే పాఠముగా గ్రహించిన బవర్‌మన్ స్వదేశమునకు మరలి సామాన్య జనులకు పరుగు నేర్పి, ఒక హృద్రోగ నిపుణునితో కలసి 1967లో ఆ విషయమై పుస్తకము ప్రకటించెను. పందెముల పరుగును ఎరిగిన గురువే మెల్లని పరుగును ఒక వృద్ధునివద్ద నేర్చుకొనవలసి వచ్చినదనిన, ఈ రెండును ఒకే విద్య కావని తెలియుచున్నది.

కొత్తగా ఆరంభించువారు చేయు పొరపాటు వేగమునందే యున్నది. మొదటి దినముననే పోలీసు పరీక్షకు పోవు కుర్రవానివలె దూకి, రెండవ దినమున పిక్కలు పట్టి, మూడవ దినమున మానుకొందురు. దీనికి విరుగుడుగా 1996లో జోష్ క్లార్క్ అను అమెరికా యువకుడు ఏబది దాటిన తన తల్లిని దృష్టిలో నుంచుకొని 'కౌచ్ టు 5కె' అను తొమ్మిది వారముల క్రమమును రచించెను. వారమునకు మూడు దినములే పని. నడుమ దినములు విశ్రాంతి. మొదటి వారమున అయిదు నిమిషములు చురుకుగా నడచి, అటుపైన 60 సెకండ్లు పరుగు, 90 సెకండ్లు నడక చొప్పున ఇరువది నిమిషములు సాగింపవలెను. అరువది సెకండ్లనగా ఎంతసేపని పెదవి విరుచువారు మొదటి దినమున ఆరవ ఆవృత్తికి వచ్చునప్పటికి ఆ గడియారము నడుచుట లేదేమోయని అనుమానింతురు. మూడవ వారమునాటికి ఆ అనుమానము పోవును. వారము వారమునకు పరుగు పాలు పెరిగి, నడక పాలు తరిగి, తొమ్మిదవ వారమునకు అరగంటసేపు ఆగక పరుగెత్తుట అలవడును.

వేగమునకు కొలబద్ద నోటిమాటయే. పరుగెత్తుచు ప్రక్కవానితో ఒక పూర్తి వాక్యము పలుకగలిగినచో ఆ వేగము సరియైనది; ముక్కలు ముక్కలుగా మాట వచ్చుచున్నచో వేగము తగ్గింపవలెను. దారినపోవువాడు నడచుచునే మనలను దాటిపోయినను సిగ్గుపడ నక్కరలేదు. ఈ నిదానమునకు శరీరధర్మమే కారణము. కొన్ని వారములలోనే గుండె ఒక్కొక్క స్పందనమున ఎక్కువ రక్తమును పంపనేర్చును. కండరములలో సూక్ష్మ రక్తనాళములు పెరుగును. మడమకు పైనున్న నరమువంటి పెద్ద స్నాయువునకు, మోకాటి చుట్టునున్న స్నాయువులకు మాత్రము రక్తప్రసారము స్వల్పమగుటచేత, కాలువ చివరి మడికి నీరు చేరినట్లు బలము ఆలస్యముగా చేరును. ఊపిరి "పద" యనును, మడమ "ఆగు" మనును. ఆ సంధికాలమున మడమ మాట వినినవారు మిగులుదురు. పరుగున ఒక్కొక్క అడుగునకు దేహభారమునకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలిమీద పడును గనుక, అరిగిన చెప్పులు మాని కాలికి సరిపడు బూట్లు ధరించుట, ఎల్లప్పుడును తారురోడ్డు మీదగాక మట్టి బాటమీదను పరుగెత్తుట మేలు.

"మోకాళ్లు అరిగిపోవు" నను భయము మన ఇండ్లలో అన్నింటికంటె బలమైనది. అనేక పరిశోధనలను క్రోడీకరించి 2017లో ప్రకటితమైన ఒక సమీక్షలో, తుంటి మోకాళ్ల కీళ్లవాతము వినోదార్థము పరుగెత్తువారిలో నూటికి 3.5 మందికిని, పరుగెరుగని వారిలో నూటికి 10.2 మందికిని, పోటీలకై తీవ్రముగా పరుగెత్తువారిలో 13.3 మందికిని ఉన్నట్లు తేలినది. కీళ్లు బాగున్నవారే పరుగునకు దిగుదురను ఆక్షేపణకు ఇచ్చట కొంత తావున్నను, మితమైన పరుగు మోకాళ్లను తినివేయుననుటకు మాత్రము ఆధారము లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 1984 నుండి ఏబదేండ్లు పైబడిన పరుగరులను, పరుగెత్తని వారిని సరిపోల్చుచు రాగా, పందొమ్మిదేండ్ల పిదప మొదటివారిలో నూటికి 15 మందియు, రెండవవారిలో 34 మందియు మరణించియుండిరి. నడవలేకపోవుట, లేవలేకపోవుట మొదలగు అశక్తతలు గూడ పరుగరులకు చాల ఆలస్యముగా సంభవించినవి.

అయితే పరుగు సర్వరోగనివారిణి యని నమ్ముటయు ప్రమాదమే. పరుగును గూర్చి అమెరికాలో విశేష ప్రచారము పొందిన గ్రంథము వ్రాసిన జిమ్ ఫిక్స్ 1984లో, 52వ యేట, పరుగెత్తుచునే గుండెపోటుతో మరణించెను. ఆయన తండ్రి 43వ యేటనే గుండెజబ్బుతో పోయినవాడు. ముప్పదియైదేండ్ల వరకు ఫిక్స్ స్థూలకాయుడు, పొగత్రాగువాడు. కావున ఇంట గుండెజబ్బు చరిత్ర కలవారు, మధుమేహము, రక్తపోటు, పొగాకు అలవాటు కలవారు, మెట్లెక్కునప్పుడు రొమ్మున బరువు తోచువారు ముందుగా వైద్యుని చూడక బయలుదేరరాదు. ఇన్సులిను వాడువారు జేబులో ఇంత చక్కెరయో గ్లూకోజు బిళ్లలో ఉంచుకొనవలెను. పాదములలో స్పర్శ తగ్గినవారు ప్రతిదినము అరికాళ్లను చూచుకొనవలెను.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. వేసవిలో 45 డిగ్రీలు దాటుట జగిత్యాల జిల్లాకు క్రొత్త కాదు. చైత్ర వైశాఖములందు సూర్యోదయమునకు ముందే పరుగు ముగించుకొనవలెను. ఊరకుక్కలు పరుగెత్తువానిని వెంటాడును గనుక అవి ఎదురైనచోట పరుగు మాని నడచుటయే ఉపాయము. అన్నింటికంటె పెద్ద ప్రమాదము రహదారి. ఎనుబదితొమ్మిదవ యేట లండను మారథాన్ పరుగెత్తి, 2011లో టొరంటోలో నూరేండ్ల వృద్ధుడుగా 42 కిలోమీటర్ల పరుగును ముగించి జగత్ప్రసిద్ధుడైన పంజాబు రైతు ఫౌజాసింగు 2025 జులైలో తన స్వగ్రామము వద్ద రోడ్డు దాటుచుండగా వాహనము ఢీకొని మరణించెను. జననపత్రము లేనందున గిన్నిసు పుస్తకము వారు ఆయన వయస్సును అంగీకరింపలేదు గాని, ఆయన అడుగులను కాదనగలవారు లేరు. రోడ్డే గతియైనచో, ఎదురువచ్చు వాహనములు కనబడునట్లు కుడిప్రక్కన, తెల్లని దుస్తులతో పోవలెను. కాలువ గట్లు, పల్లె ప్రకృతి వనముల బాటలు, 2022 నుండి ఊరూర నేర్పడిన క్రీడాప్రాంగణములు అంతకంటె క్షేమము. స్త్రీలకు తోడొక్కటే సగము సాధనము. బీడీలు చుట్టు నలుగురు ఒక వాడకట్టునుండి కలసి బయలుదేరినచో నవ్వువారి నోళ్లు వారమునకే మూతపడును.

తెలుగునాట ఈ పరుగు ఉద్యమమునకు హైదరాబాదు పట్టుగొమ్మ. 2007లో అచ్చట ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సంఘము కొత్తవారికి శిక్షణ నిచ్చుచు, 2011 నుండి సాధారణముగా ఆగస్టు మాసమున మారథాన్ నిర్వహించుచున్నది; అందు 42.195 కిలోమీటర్ల పూర్తి పరుగుతోపాటు 21, 10 కిలోమీటర్ల పరుగులును కలవు. విశాఖపట్టణమునకు చెందిన నౌకాదళ విశ్రాంతాధికారి వల్లభజోస్యుల శ్రీరాములు తొంబదేండ్లు దాటిన పిదపను వృద్ధుల అంతర్జాతీయ నడకపోటీలలో పతకములు గెలిచిరి. ఇట్టివారు గౌరవింపదగినవారే కాని, మనకు కొలమానము కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పునది వారమునకు కనీసము 75 నిమిషముల తీవ్రశ్రమ, లేదా 150 నిమిషముల మధ్యమశ్రమ. వారమునకు మూడుసార్లు అరగంట పరుగును తీవ్రశ్రమగా గణించినచో ఆ లెక్క తీరిపోవును.

చివరగా జ్ఞప్తియందుంచుకొనదగినది ఒకటి కలదు. సంపాదించిన దమ్ము నిలువ యుండునది కాదు. కొన్ని వారములు మానినచో తరుగుట ఆరంభించును. ఇది పరుగెత్తువారికి బాధగా తోచినను, ఆలస్యముగా మొదలిడువారికి ఇంతకంటె శుభవార్త లేదు. ఇరువదవ యేట మైదానములను ఏలి పిదప ముప్పదేండ్లు ఊరకున్నవానికి ఆనాటి పరుగులలో నేడు మిగిలినది స్వల్పము. జన్మమున ఎన్నడును పరుగెత్తని వానికంటె ఆతడు పెద్దగా ముందున్నవాడు కాడు. యౌవనమున అవకాశము దొరకలేదని చింతించు ఏబదియేండ్ల తల్లిగాని తండ్రిగాని పోగొట్టుకొన్న దానికై చింతింప పనిలేదు. ఇద్దరికిని మొదటి వారపు అరువది సెకండ్లు ఒక్కటే.