కారు మీద క్యారియర్.. కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

నవంబరు వచ్చిందంటే ఎమిరేట్స్‌లోని తెలుగువాళ్లకు రెండు సంబరాలు. ఒకటి కార్తీక మాసం, రెండోది ఎండ తగ్గడం. మే నుంచి అక్టోబరు దాకా ఏసీ గదులకే పరిమితమైన కుటుంబాలు ఇక వారాంతం వస్తే చాలు.. హత్తా కొండలకో, మ్లైహా ఇసుకలోకో, జెబెల్ జైస్ పైకో బయల్దేరతాయి. ఉసిరి చెట్టు దొరక్కపోయినా గాఫ్ చెట్టు నీడన వనభోజనాలు చేసుకునే బృందాలు ఉన్నాయి. ఆ ప్రయాణాలతో పాటే ఏటా మొదలయ్యే ఇంకో సందడి.. బండి మీద క్యారియర్ బిగించుకోవడం.

ఇంటర్నేషనల్ సిటీలో ఉండేవాళ్లకు ఇది మరీ దగ్గరి వ్యవహారం. చైనా, ఇంగ్లండ్, ఫ్రాన్స్, మొరాకో, పర్షియా అంటూ దేశాల పేర్లు పెట్టుకున్న ఈ క్లస్టర్లలో ఎక్కువ భాగం స్టూడియోలు, సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లే. పక్కనే 2004లో తెరిచిన డ్రాగన్ మార్ట్. కాస్త ముందుకెళితే పాత కార్ల సంత. అవతల హత్తా వైపు వెళ్లే ఈ-44 రోడ్డు. ఒక శుక్రవారం పాత పజెరోనో ప్రాడోనో కొనడం, మరుసటి వారం డ్రాగన్ మార్ట్‌లో రూఫ్ ర్యాక్ బేరమాడటం, ఆ పై వారం ఇసుకలోకి దిగడం.. మూడూ దగ్గర్లోనే అయిపోతాయి. ఇంత సులువుగా దొరికే వస్తువు కాబట్టే, దాని గురించి ముందు కాస్త ఆలోచించడం అవసరం. ఎందుకంటే ఇది అలంకారం కాదు. కుటుంబమంతా కూర్చున్న బండి నెత్తిన పెట్టే బరువు.

అంబాసిడర్ క్యారియర్ వేరు, ఇది వేరు

మనలో చాలామందికి క్యారియర్ అంటే గుర్తొచ్చేది అంబాసిడర్ కారు, తర్వాత టాటా సుమో. తిరుపతికో శబరిమలకో వెళ్లేటప్పుడు పైన సూట్‌కేసులు, వంట గిన్నెలు, బియ్యం మూట పేర్చి, పట్టా కప్పి, తాడు బిగించేవాళ్లు. ఆ రోజుల్లో బండ్ల పైకప్పు అంచున వాన నీరు జారడానికి ఒక గట్టి గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు దాన్నే పట్టుకునేవి. వేగమూ గంటకు 60, 70 కిలోమీటర్లు దాటేది కాదు.

ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆ గాడి లేదు. ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్, పాత పెట్రోల్ సఫారీ, సుజుకీ జిమ్నీ లాంటి కొన్నింటికి మాత్రం ఉంది. మిగతావాటికి కంపెనీ ఇచ్చిన పొడవాటి రెయిళ్లో, పైకప్పులో బోల్టులు దిగే స్థానాలో ఉంటాయి. పైగా ఇక్కడ హైవే మీద వేగం 120. ఆ వేగంలో ఎదురుగాలి క్యారియర్‌ను వెనక్కి నెట్టడమే కాదు, పైకి లేపడానికీ చూస్తుంది. అందుకే ‘మా ఊళ్లో ఇంతకంటే ఎక్కువే కట్టేవాళ్లం’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

పైకప్పు ఎంత మోస్తుంది?

దుకాణంలో అమ్మేవాళ్లు చెప్పేది క్యారియర్ ఎంత మోస్తుందో. మీరు తెలుసుకోవాల్సింది మీ బండి పైకప్పు ఎంత మోస్తుందో. రెండింట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు. బండితో వచ్చిన మాన్యువల్‌లో ‘రూఫ్ లోడ్’ అన్న చోట ఆ అంకె ఉంటుంది. పాత బండి కొన్నప్పుడు ఆ పుస్తకం లేకపోతే మీ మోడల్, సంవత్సరం చెప్పి డీలర్‌ను అడగవచ్చు. బండి పెద్దదైతే హద్దు కూడా పెద్దదే అనుకోకండి. చిన్న జిమ్నీకి సుజుకీ చెప్పే హద్దు 30 కిలోలే. పెద్ద ఎస్‌యూవీల్లో చాలావాటికి 80 నుంచి 100 కిలోల దగ్గరే ఆగిపోతుంది.

మరో మాట. ఆ అంకెలో క్యారియర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. హద్దు 100 కిలోలు అనుకుని లెక్క వేద్దాం. ఇనుప క్యారియర్ 40 కిలోలు. పక్కకు పరిచే పందిరి 15. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, 40. బట్టల బ్యాగులు 25. మొత్తం 120 అయ్యింది. అన్నీ మామూలు వస్తువులే, అయినా హద్దు దాటిపోయింది. అదే అల్యూమినియం క్యారియర్ 28, పందిరి 15, ఇసుక పలకల జత 8, మడత కుర్చీలు నాలుగు 16 అనుకుంటే 67. నీళ్లు, బ్యాగులు డిక్కీలోకి వెళ్లాయి. ఇంకా 33 కిలోల వెసులుబాటు మిగిలింది.

బండి కదులుతున్నప్పటి హద్దు వేరు, ఆగి ఉన్నప్పటి హద్దు వేరు. కదిలేటప్పుడు కుదుపులు, మలుపులు, బ్రేకులు ఆ బరువును ఎన్నో రెట్లు చేసి పైకప్పు మీద వేస్తాయి. అందుకే మాన్యువల్‌లో రాసే హద్దు తక్కువ. రూఫ్ టెంట్‌లో ఇద్దరు పెద్దలు, ఒక పిల్లాడు పడుకోగలగడానికి కారణం బండి ఆగి ఉండటమే. టెంట్ కొనేటప్పుడు టెంట్, క్యారియర్ కలిపి కదిలే హద్దులోపు ఉన్నాయా అని చూడాలి. పడుకునే బరువు సంగతి క్యారియర్ కంపెనీ, టెంట్ కంపెనీ ఇచ్చిన ఆగి ఉన్నప్పటి హద్దుతో పోల్చుకోవాలి.

ఇసుకలో ఇంకో ప్రమాదం ఉంది. తిన్నె మీద బండి పక్కకు ఒరిగినప్పుడు పైనున్న ప్రతి కిలో దాన్ని ఇంకాస్త ఒరిగేలా లాగుతుంది. తిన్నెలు ఎక్కే ఉద్దేశం ఉంటే పైభాగం ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. సామాను శిబిరం దగ్గర దించేసి, ఖాళీ బండితో ఇసుకలోకి వెళ్లడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

ఏ రకం ఎవరికి?

అడ్డ కడ్డీలు: రెండు క్రాస్ బార్లు. తేలిక, చవక, తీసిపెట్టుకోవచ్చు. ఏడాదిలో నాలుగైదుసార్లు సామాను కట్టేవాళ్లకు ఇవి చాలు.

బుట్ట: చుట్టూ అంచు ఉన్న క్యారియర్. బ్యాగులు జారిపోవు. కానీ గాలికి ఎక్కువ అడ్డం పడుతుంది. హోరు వినిపిస్తుంది, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

చదును వేదిక: పైకప్పు పొడవునా ఉండే పలక లాంటిది. ఎత్తు తక్కువ. పందిరి, టెంట్, పలకలు ఎక్కడైనా బిగించుకోవచ్చు. ఖరీదు ఎక్కువ. తరచూ క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లకే గిట్టుబాటు.

మూత పెట్టె: రూఫ్ బాక్స్. ధూళి, ఎండ నుంచి సామానుకు రక్షణ. రోడ్డు ప్రయాణాలకు మంచిది, ఇసుకలోకి అంత నప్పదు.

ఇనుమా, అల్యూమినియమా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇనుము చవక, వంగితే వెల్డింగ్ షాపులో సరిచేయించుకోవచ్చు. కానీ బరువు. పైగా గల్ఫ్ తేమకు, ఉప్పు గాలికి పెయింట్ లేచిన చోటల్లా తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలిక, తుప్పు బెడద తక్కువ. బండి హద్దు తక్కువైతే అల్యూమినియమే సరి.

ఫ్లాట్ చిన్నది, పార్కింగ్ ఎత్తు తక్కువ

ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్‌లో క్యారియర్ తీసి దాచుకోవడానికి చోటు ఉండదు. బాల్కనీ బట్టలు ఆరేసుకోవడానికే సరిపోతుంది. అంటే బిగించిన క్యారియర్ ఏడాది పొడవునా ఎండలో, బహిరంగ పార్కింగ్‌లోనే ఉంటుంది. కాబట్టి తాళం పడే బిగింపులు ఉన్నది తీసుకోండి. పట్టీలు, వలలు మాత్రం పైన వదిలేయకండి. ఎండకు వాటి దారం పెళుసెక్కి, చూడటానికి బాగున్నా అవసరానికి పుటుక్కున తెగుతుంది.

ఎత్తు కూడా కొలుచుకోవాలి. నిస్సాన్ పెట్రోల్ లాంటి పెద్ద బండ్ల ఎత్తే సుమారు 1.9 మీటర్లు. దాని మీద క్యారియర్, ఆపై టెంట్ వేస్తే మాల్ బేస్‌మెంట్లలోకి, ఆఫీసు పార్కింగుల్లోకి వెళ్లడం కష్టం. ద్వారం దగ్గర ఎత్తు రాసి ఉంటుంది. మీ బండి మొత్తం ఎత్తు కొలిచి, ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డుకు అంటించుకుంటే సగం గొడవ తీరుతుంది. రోజూ ఆఫీసు బేస్‌మెంట్‌లో పెట్టే బండైతే ఈ కొలతే మొదట చూడాలి.

పైన పెట్టకూడనివి, ముందు కొనాల్సినవి

పెట్రోలు క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు పైన పెట్టవద్దు. ఎండకు ఆవిరి పెరుగుతుంది, ప్రమాదం జరిగితే మొదట దెబ్బ తినేది అవే. నీళ్లు బరువు కాబట్టి డిక్కీలో, వీలైనంత కింద, వెనక సీటుకు ఆనించి ఉంచండి. పైన తేలికైనవి, పెద్దగా చోటు తీసుకునేవి: చాపలు, కుర్చీలు, పరుపులు, పందిరి.

కట్టడానికి సాగే రబ్బరు తాళ్లు వాడవద్దు. బ్రేకు వేస్తే అవి సాగుతాయి, సామాను ముందుకు దూకుతుంది. వెడల్పాటి పట్టీలు వాడండి. బయల్దేరిన 40, 50 కిలోమీటర్లకు ఒకసారి ఆగి బోల్టులు, పట్టీలు మళ్లీ చూడండి. మొదటి కుదుపుల్లోనే అవి వదులవుతాయి.

యాక్సెసరీస్ విషయంలో చాలామంది ముందు కొనేది ఎల్‌ఈడీ లైట్ల బారు. నిజానికి అది జాబితాలో చివరిది. ముందు కొనాల్సినవి ఇవి: టైరు గాలి కొలిచే గేజ్, గాలి కొట్టే కంప్రెసర్, పార, ఇసుక పలకల జత, లాగడానికి మంచి తాడు, ప్రథమ చికిత్స పెట్టె, అగ్నిమాపక సిలిండర్. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గిస్తారు. 15 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టడం మామూలు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపాల్సిందే, తక్కువ గాలితో 120లో వెళితే టైరు పేలుతుంది. కంప్రెసర్ లేకుండా ఇసుకలోకి వెళ్లకూడదనేది అందుకే.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి తాడు ఎప్పుడూ కట్టకండి. ఆ బంతి విరిగితే తుపాకీ గుండులా ఎగిరొస్తుంది. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు పోయాయి. కంపెనీ ఇచ్చిన లాగుడు కొక్కేలకే కట్టాలి. తాడు బిగుస్తున్నప్పుడు పిల్లలతో సహా అందరూ దూరంగా నిలబడాలి.

చట్టం, బీమా

ఇక్కడ అనుమతి లేకుండా బండి ఇంజన్‌లోనో చాసిస్‌లోనో మార్పులు చేస్తే 1000 దిర్హాములు జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి స్వాధీనం. క్యారియర్ ఆ కోవలోకి రాకపోయినా, బండి ఎత్తు పెంచడం, బంపరు మార్చడం లాంటివి చేయించే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి. ఏటా రిజిస్ట్రేషన్ పరీక్షలో అడ్డు చెప్పే అవకాశమూ ఉంది. వెనక సైకిళ్ల స్టాండు పెడితే నంబరు ప్లేటు కనిపించాలి. అదనపు ప్లేటు గురించి మీ ఎమిరేట్ ట్రాఫిక్ విభాగంలో అడగండి.

వాన రోజుల్లో వాదీల వైపు వెళ్లవద్దు. 2023 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం వరద పారే వాదీలోకి బండి దింపితే 2000 దిర్హాములు, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి స్వాధీనం. 2024 ఏప్రిల్ 16 వాన గుర్తున్నవాళ్లకు ఈ నిబంధన ఎందుకో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

బీమా పాలసీ తీసి ఆఫ్‌రోడ్ ప్రమాదాలకు వర్తిస్తుందా, బిగించిన సామానుకు వర్తిస్తుందా చూడండి. ముసందం వైపు వెళ్లేవాళ్లకు ఒమన్ బీమా కూడా కావాలి.

బేరం ఆడే ముందు

మీ మోడల్‌కు, సంవత్సరానికి సరిపోయే బిగింపులేనా? పైకప్పుకు రంధ్రాలు వేయాలా? వేయాలంటే వద్దనుకోండి. నీళ్లు కారతాయి, అమ్మేటప్పుడు ధర పడుతుంది. ఉద్యోగం మారినా, ఇంటికి తిరిగి వెళ్లినా బండి అమ్మాల్సింది మనమే కదా. క్యారియర్ బరువు ఎంత, ఎంత మోస్తుంది అన్నది కాగితం మీద ఉందా? ఐఎస్‌ఓ 11154 అన్న ప్రమాణం ప్రస్తావన ఉందా? విడి బోల్టులు, తాళం చెవులు తర్వాత దొరుకుతాయా? వీటికి జవాబు చెప్పలేని దుకాణంలో తగ్గింపు ఎంత ఇచ్చినా లాభం లేదు.

మొదటి ఏడాది అద్దెకో, స్నేహితుల దగ్గరో టెంట్, పందిరి తీసుకుని రెండు మూడుసార్లు వెళ్లి చూడండి. ఇంట్లో ఆవిడకు, పిల్లలకు ఇసుకలో రాత్రి గడపడం నచ్చుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. నచ్చితే కొనండి. ఏది కొన్నా బాత్రూంలోని బరువు తూచే మిషన్ మీద ఒక్కో వస్తువు పెట్టి, అంకెలు కూడి, మాన్యువల్‌లోని హద్దు పక్కన రాసుకోండి. పది నిమిషాల పని. పైన ఎంత కట్టామన్నది కాదు, వెళ్లిన అందరూ క్షేమంగా తిరిగి రావడమే ఆ లెక్కకు అర్థం.