మతి తప్పిందా, బడి తప్పిందా?

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక విద్యార్థి ఈమధ్య నన్ను అడిగాడు: 'సార్, మా నాయనమ్మకు అల్జీమర్స్ అన్నారు. ఇది మన కులం రక్తంలోనే ఉందని బంధువులు అంటున్నారు. నిజమేనా?'

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఇరవై ఏళ్లు మామిడికాయలు ఏరి, లెక్కపెట్టి, బుట్టలకెత్తిన మనిషి. బడి ముఖం చూడలేదు. మతిమరుపు మొదలయ్యాక ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. తర్వాత ఒక వాక్యం రాయమన్నారు. వేలిముద్ర వేసే చేతికి కలం ఇచ్చారు. ఆమె నా వైపు చూసి ఊరుకుంది. మార్కులు తగ్గాయి. మతి తప్పడానికీ బడి తప్పడానికీ తేడా తెలియని పరీక్ష అది.

జన్యువుల పాత్ర లేదని కాదు. 19వ క్రోమోజోమ్ మీద ఏపీఓఈ అనే జన్యువు ఉంది. దాని మూడు ప్రధాన రూపాల్లో ఈ4 తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే ముప్పు సుమారు రెండు మూడు రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. అయినా ఈ4 ఉన్నవారందరికీ జబ్బు రాదు, జబ్బు వచ్చినవారందరిలో ఈ4 ఉండదు. అది ఏ ఒక్క కులం సొత్తూ కాదు. నేరుగా జబ్బు తెచ్చే జన్యులోపాలు వేరే ఉన్నాయి, అవి అతి కొద్ది కుటుంబాలకే పరిమితం.

మరి కులానికీ జన్యువులకూ సంబంధమే లేదా? ఉంది. ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా వెళితే వచ్చే సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2013లో తేల్చిన విషయం ఇది: సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా ఈ దేశ జనసమూహాలు విస్తృతంగా కలిశాయి, ఆ తర్వాత ఆ కలయిక చాలావరకు ఆగిపోయింది. స్వకుల వివాహమే కులానికి మూలమని అంబేడ్కర్ 1916లోనే చెప్పాడు. దాని ఫలితంగా కొన్ని అరుదైన లోపాలు కొన్ని కులాల్లో పేరుకుపోయాయి. వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సలో కండరాలు సడలించే ఒక మందు ప్రభావం త్వరగా దిగదు, కారణం అలాంటి లోపమే. ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ ఆ కోవలోది కాదు. మన బంధువులు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

2024లో లాన్సెట్ కమిషన్ మార్చుకోదగిన 14 ముప్పులను గుర్తించింది. వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. వాటిలో బాల్యంలో చదువు లేకపోవడం ఒకటి. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, అంటే 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారు. స్త్రీలలో, చదువు లేనివారిలో, పల్లెల్లో అది ఎక్కువ. మా అమ్మ తరం దళిత స్త్రీకి ఈ మూడూ ఒక్కచోటే దొరికాయి. వాటిలో ఏది రక్తంలో వచ్చింది?

ఇదే నగరంలోని నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, ఒకే భాష వచ్చినవారికంటే రెండో భాష కూడా వచ్చినవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మా అమ్మ వ్యాపారులతో ఉర్దూలో బేరమాడేది. ఆ పరీక్షలో దానికి మార్కుల్లేవు.

ఆమె పనిచేసిన మార్కెట్‌ను 2021లో తరలించారు. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. అక్కడ మతిమరుపు విభాగం పెడితే, వందలోంచి ఏడు తీసేయమనకుండా, డజను కాయల ధర చెప్పి వంద కాయలకు ఎంతవుతుందని అడగమనండి. మా అమ్మ నిరుడు దాకా ఆ లెక్క తప్పలేదు.