ఇంట కూర్చుకొన్న చిట్టి కంప్యూటరు

కంప్యూటరును కొనుక్కొనువారిని చూచితిమి గాని, పప్పు, చింతపండు, కరివేపాకు వేఱువేఱుగ తెచ్చుకొని పులుసు కాచుకొన్నట్లు దానిని ఇంట కూర్చుకొనువారిని చూడలేదని మా పొరుగింటివారు నవ్విరి. పోలిక వారిదే కాని నాకు మిక్కిలి నచ్చినది. సరకులన్నియు మంచివే అయినను పాళ్లు కుదరనిచో పులుసు చెడును గదా! ఈ యంత్రము విషయమును అట్టిదే. కూర్చుట ఒక సాయంకాలపు పని. పాళ్లు కుదుర్చుటకు నాకు రెండు నెలలు పట్టినది.

నేను ఇంటియొద్ద పుస్తకముల పుటలను కూర్చు పని చేయుదును. పగలు ఇంటిపని తెమలదు. రాత్రి తొమ్మిది మొదలు పండ్రెండు వఱకు మాత్రమే నాకు చిక్కు కాలము. మాకున్నవి రెండు గదులు. కంప్యూటరున్న గదిలోనే మా అత్తగారు పండుకొందురు. వారికి 78 ఏండ్లు. ఒక్కమారు నిద్ర చెడెనా, తెల్లవాఱువఱకు మరల కన్ను మూతపడదు. బల్లక్రింది పాత కంప్యూటరు పని పెరిగినప్పుడెల్ల హోరుమని గాలి విడిచెడిది. నేను పని మానుకొనవలయును, లేదా ఆమె నిద్ర మానుకొనవలయును. ల్యాప్‌టాపు కొనరాదా యని చదువరులడుగవచ్చును. దాని చిన్న తెరమీద రెండు పుటలు ప్రక్కప్రక్కన నుంచి అచ్చుతప్పులు చూచుట నా కన్నులకు సాధ్యము కాదు. అదియును గాక, పని ముదిరినప్పుడు సన్నని ల్యాప్‌టాపులోని పంకా వేయు కూత తక్కువదేమియు కాదు. మంచి తెర, మంచి కీబోర్డు నాకిదివఱకే కలవు. కావలసినది పెట్టె యొక్కటియే.

1946లో లోకమునకు వెల్లడియైన ఎనియాక్ యంత్రము ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద గదిని నింపినది. దాని బరువు సుమారు 30 టన్నులు. అది తీసికొన్న విద్యుచ్ఛక్తి 150 కిలోవాట్లు. దానికి లెక్కలు నేర్పినవారు ఆరుగురు స్త్రీలు. వారి పేర్లను లోకము చాలకాలము తలంపనే లేదు. అటుపిమ్మట యంత్రము చిక్కుచునే వచ్చినది. 2001లో తైవాను దేశపు వయా కంపెనీవారు నలుదిక్కుల 170 మిల్లీమీటర్లు మాత్రముండు మదరుబోర్డు కొలతను ఏర్పఱచిరి, మినీ ఐ.టి.ఎక్స్. అనునదియే అది. నేటికిని చిన్న కంప్యూటర్లను కూర్చుకొనువారిలో పెక్కుమందికి అదియే ఆధారము. 2005లో ఆపిల్ వారి మ్యాక్ మినీ వచ్చినది. అది చక్కనిది, నిశ్శబ్దమైనది. కాని నేటి మ్యాక్ మినీలో జ్ఞాపకము ప్రాసెసరుతోనే కలిసియుండును గావున, కొన్ననాటి దానితోనే కడవఱకు సరిపెట్టుకొనవలయును. నా కది సమ్మతము కాలేదు.

2025 మొదట నేనెంచుకొన్నది ఆస్‌రాక్ వారి డెస్క్‌మిని ఎక్స్‌600 అను పెట్టె. పొడవు, వెడల్పు 155 మిల్లీమీటర్లు, ఎత్తు 80. లోపలి చోటు రెండు లీటర్ల కంటెను కొంచెము తక్కువ, అనగా ఒక పెద్ద నీళ్లసీసా పాటిది. మదరుబోర్డు దానితోనే వచ్చును. ల్యాప్‌టాపునకువలె 120 వాట్ల అడాప్టరు వెలుపలనే యుండుటచేత, కరెంటును మార్చు భాగపు వేడి లోపల చేరదు. దీనికి నేను తెచ్చుకొన్నవి మూడే వస్తువులు: రైజెన్ 5 8600జి అను ఆరు కోర్‌ల ప్రాసెసరు, 16 జీబీల ర్యామ్ పలకలు రెండు, ఒక టెరాబైటు ఎస్.ఎస్.డి. ఈ కడపటిది చూపుడువ్రేలంత పొడవు, బొటనవ్రేలంత వెడల్పు గల పలక. నా పదునైదేండ్ల పని యంతయు అందులో ఇమిడి ఇంకను చోటు మిగిలినది.

ర్యామ్ రెండు పలకలుగా ఏల కొనవలయును, 32 జీబీల పలక యొక్కటి చాలదా? చాలదు. ఈ ప్రాసెసరులోనే బొమ్మలు గీయు భాగము కూడ కలదు. దానికి వేఱు జ్ఞాపకము లేదు. అది సామాన్యపు ర్యామ్‌నుండియే తన పాలు తీసికొనును. రెండు పలకలున్నచో రెండు త్రోవలు తెఱచుకొనును. ఒక్కటియే యున్నచో ఇరువురును ఒకే సందులో త్రోసికొందురు. ఇందు పిసినితనము పనికిరాదు. 2025 చివరి నెలలలో, కృత్రిమమేధ కేంద్రములు ర్యామ్‌ను విశేషముగ కొనుటచే దాని ధర మండిపోయినది. అంతకుముందే కొనుట నా యదృష్టము, వివేకము కాదు.

కూర్చుటకు కూర్చుండుటకు ముందు స్త్రీలు ప్రత్యేకముగ గమనింపవలసిన సంగతులు కొన్ని కలవు. విడియోలలో పురుషులు వీనిని చెప్పరు. చేతుల గాజులు తీసి ప్రక్కన పెట్టవలయును. మెడలోని గొలుసులను రవికలోనికి దోపుకొనవలయును. వంగినప్పుడు బంగారు గొలుసు బోర్డుమీద వ్రాలుట క్షేమము కాదు. పట్టుచీర గాని, నైలాను చీర గాని కట్టరాదు. వాని రాపిడివలన దేహమున చేరు విద్యుత్తు మనకు చురుక్కుమనును గాని సన్నని భాగములను చంపివేయును. నూలుచీర కట్టి, నేలపై కంబళి లేకుండ కూర్చుండి, పలకలను ముట్టునప్పుడెల్ల ముందుగ ఇనుపబీరువాను తాకుచుంటిని. మా అత్తగారు అది చూచి, “అమ్మాయీ, బీరువాకు దండము పెట్టుచున్నావేమి?” అనిరి.

కఠినమైన ఘట్టము ప్రాసెసరును అమర్చుటయే. పూర్వము సూదులు ప్రాసెసరు అడుగున నుండెడివి; ఈ ఏ.ఎం.5 పద్ధతిలో 1718 సూదులు బోర్డుమీది గూటిలో నున్నవి. ఒక్కటి వంగినను చిక్కే. గూటిమూల నున్న త్రికోణపు గుర్తునకు ప్రాసెసరు మూలనున్న గుర్తు ఎదురుపడునట్లు పట్టుకొని, నొక్కక, జాఱవిడువక, ఊరక దించవలయును. పిమ్మట లోహపు తలుపు వేసి మీటను వంచునపుడు మనము భయపడునంత బలము కావలసియుండును. అది సహజమే. అప్పుడు పైనున్న ప్లాస్టికు మూత తనంతట ఎగిరిపోవును; నా గుండెయు దానితో ఎగిరినది.

ఇక నా పొరపాటు. ప్రాసెసరుతో బాటు వచ్చిన కూలరు ఉచితమని సంతోషించితినే కాని కొలువలేదు. దాని ఎత్తు 54 మిల్లీమీటర్లు. ఈ పెట్టెలో పట్టునది 47. ఏడు మిల్లీమీటర్లకు పని నిలిచిపోయినది! మూత వేయ ప్రయత్నించిన పిమ్మటనే నా కీ జ్ఞానము కలిగినది. రవిక కుట్టుటకు ముందు కొలతలు తీసికొను దానను, ఇచట ఏల మఱచితినో తెలియదు. 37 మిల్లీమీటర్ల ఎత్తుగల నాక్చువా కూలరును తెప్పించుటకు ఆరు దినములు పట్టినది. ఆ ఖర్చు నేను వేసికొన్న లెక్కలో లేనిది. చిన్న పెట్టె కూర్చువారు డబ్బు లెక్కకంటె ముందు మిల్లీమీటర్ల లెక్క వ్రాసికొందురు గాక. కూలరు క్రింద పూయు థర్మల్ పేస్టు శనగగింజంత చాలును. నాలుగు మరలను ఒకదాని తరువాత నొకటి పూర్తిగ బిగింపక, మూలకు మూలగా కొంచెము కొంచెము బిగింపవలయును.

అన్నియు అమర్చి మీట నొక్కితిని. దీపము వెలిగినది, పంకా తిరిగినది, తెర మాత్రము నల్లగనే యున్నది. ఒక నిమిషము, రెండు, మూడు. చేసిన ఖర్చంతయు కన్నులయెదుట తిరిగినది. మా వారు, “ఆపి మరల చూడుము” అనిరి. ఆపలేదు, మంచిపని చేసితిని. డీడీఆర్5 ర్యామ్ క్రొత్తగ పెట్టినప్పుడు, ఏ వేగమున ఏ సమయమునకు సంకేతములందుకొనవలయునో యంత్రము తనంత తాను పరీక్షించి నేర్చుకొనును. మొదటిసారి దానికి కొన్ని నిమిషములు పట్టును. ఆ నడుమ కరెంటు తీసినచో మరల మొదటికి వచ్చును. ఐదవ నిమిషమున తెరపై అక్షరములు వచ్చినవి.

ఆ రాత్రియే పనికి కూర్చుంటిని. పది నిమిషములు గడువకముందే అత్తగారు మేల్కొని, “ఆ పెట్టెలో తుమ్మెద దూరినదా?” అని యడిగిరి. అప్పుడు గదా అసలు పని మొదలైనది.

ఈ ప్రాసెసరు పేరునకు 65 వాట్లది. నిజమునకు పని ముదిరినప్పుడు 88 వాట్ల వఱకు తీసికొనుటకు దానికి అనుజ్ఞ కలదు. ఇంత చిన్న పెట్టెలో అంత వేడి పోవలెనన్న పంకా అఱవక తప్పదు. బయోస్ లోనికి పోయి దానిని 45 వాట్ల తరగతికి దించితిని. అప్పుడు దాని పరిమితి సుమారు 61 వాట్లగును. గోడయొద్ద మీటరు పెట్టి చూచితిని: మిక్కిలి బరువైన పనిలో పెట్టె యంతయు తీసికొనునది 110 నుండి 80 వాట్లకు దిగినది. ఇంతకును పోయిన వేగమెంత? మూడువందల పుటల పుస్తకమును పీడీఎఫ్ చేయుటకు పూర్వము 40 సెకండ్లు, ఇప్పుడు 43. ఉడుకు పట్టిన అన్నము క్రింద మంట పెంచినను గ్యాసు దండుగయే కాని అన్నము త్వరగ ఉడుకదు. ఇచటను కొంచె మించుమించుగ నట్లే. వేగము పెంచిన కొలది వోల్టేజిని పెంచవలయును. ఖర్చు వేగమును బట్టియే గాక వోల్టేజి వర్గమును బట్టియు పెరుగును. అందుచేత చివరి పిసరు వేగమునకే మిక్కిలి వెల.

దీనితో ఆగియుండవలసినది. కర్వ్ ఆప్టిమైజరు అను మఱియొక మీట కలదు. అది ఒక్కొక్క మెట్టునకు వోల్టేజిని 3 నుండి 5 మిల్లీవోల్టుల వఱకు తగ్గించును. నేను ఒక్కసారిగ 30 మెట్లు దిగితిని. గంటసేపు బరువైన పరీక్ష పెట్టితిని, నెగ్గినది. మూడవనాటి రాత్రి, ఏ పనియు చేయక ఒక వాక్యమును గూర్చి ఆలోచించుచు ఊరకున్నప్పుడు, తెర ఆరిపోయి యంత్రము తనంతట మరల మొదలైనది. దాచుకొనని నలువది నిమిషముల పని పోయినది. తెల్లవాఱి పంపవలసిన పుస్తకమది. మరల కూర్చి ముగించుసరికి రాత్రి రెండున్నర. కారణ మీ విధముగ నున్నది: బరువు పనిలో ఆరు కోర్‌లును మితవేగమున నడచును, తేలికపనిలో ఒక్క కోరు క్షణకాలము మిక్కిలి వేగమున కెగురును. వోల్టేజి చాలకపోవుట ఆ యెగురుటలోనే బయటపడును. కావున బరువు పరీక్ష ఒక్కటి నెగ్గినదని నమ్మరాదు. ఇప్పుడు 15 మెట్లయొద్ద నిలిపితిని. పది నెలలలో ఒక్కమారును పడలేదు.

పంకా సంగతి వేఱు. నిద్ర చెఱచునది చప్పుడుకంటె చప్పుడులోని మార్పు. ఒకే తీరున మ్రోగు సీలింగు పంకా క్రింద హాయిగ నిద్రించు అత్తగారే, ఈ చిన్న పంకా ఒక్కమారు పెరిగి తగ్గినచో మేల్కొనుచుండిరి. ప్రాసెసరు వేడి క్షణములో పది డిగ్రీలెక్కి దిగును; పంకా దానిని వెంటాడుచు పోవును. అందువలన 65 డిగ్రీల వఱకు పంకా ఒకే మెల్లని వేగమున తిరుగునట్లును, ఆపైన మెల్లమెల్లగ నెక్కునట్లును, ఎక్కుటకు దిగుటకు నడుమ కొన్ని సెకండ్లు ఆగునట్లును గీత దిద్దితిని. ఆ రాత్రి మొదలు తుమ్మెద మాట రాలేదు.

కాని నేనిది దిద్దినది మాఘమాసమున. మా విజయవాడలో మే నెల రాత్రులయందు గదిలోనే 36 డిగ్రీలుండును. గది పది డిగ్రీలు పెరిగినచో లోపలి ప్రాసెసరును సుమారు పది డిగ్రీలు పెరుగును. కూలరు గదిగాలికంటె చల్లగ చేయజాలదు గదా. ఈ ప్రాసెసరునకు 95 డిగ్రీలు హద్దు. అచటికి చేరినచో తానే వేగము తగ్గించుకొనును. అందుచే వేసవికి వేఱొక గీతను బయోస్ లోనే దాచితిని. ఉగాదికి దానిని మార్చి, ఆశ్వయుజమున మరల పాతదానికి వత్తును. పెట్టెను గోడకు ఆనింపక నాలుగు వ్రేళ్ల యెడము విడుతును. దేవుని గూటి ప్రక్కన పెట్టరాదు. దీపపు మసి, అగరువత్తి పొగ కూలరు రేకుల నడుమ జిడ్డై పట్టును.

కరెంటు పోయినప్పుడు మా ఇన్వర్టరునకు మాఱునంతలో మొదట ఈ పెట్టె ఆగిపోయెడిది. ఇన్వర్టరు వెనుక యూ.పి.ఎస్. అని వ్రాసియున్న మీటను ఆ ప్రక్కకు త్రిప్పినచో అది త్వరగ మాఱునని తరువాత తెలిసినది. పుటలు కూర్చుచున్నప్పుడు నడుమ నడుమ ఇది తీసికొనునది 20 వాట్లు దాటదు, ఒక ఎల్.ఇ.డి. గొట్టపు దీపమంత.

నెలకొక్కమారు మూత విప్పి మెత్తని కుంచెతో దుమ్ము తీయుదును. అప్పుడు పంకా ఱెక్కను ఒక వ్రేలితో పట్టుకొనవలయును, గాలికి దానిని గిరగిర తిరుగనీయరాదు. పనికిరాక మిగిలిన 54 మిల్లీమీటర్ల కూలరు మొన్న మా ఆడబిడ్డ కుమారుని పెద్ద కంప్యూటరులో చేరినది. బదులుగ వాడు నాకు సన్నని మొన గల అయస్కాంతపు స్క్రూడ్రైవరు తెచ్చియిచ్చెను. క్రిందపడిన మరను పెట్టెలోనుండి తీయుటకు పూర్వము మా అత్తగారి తలపిన్ను వాడుచుంటిని.